సోలెడు తవుడు

హలో… ఆ, నేనే. తవిటమ్మనే. సెప్పండి కళ్యాణ్ గారూ.

… ఇంకా ప్రెస్ దగ్గిరే ఉన్నారా? ఆ, మన పెళ్లికార్డు ఫొటో ఇప్పుడే సూసాను.

బాగున్నాది. పెళ్లికూతురే ఎవులో తెలీలేదు.

… తన్వి. ఓహో. నేనా?

… సర్‌ప్రైజా? నిజమే. నా పెళ్లి కార్డులో నేను లేకపోవడం సర్‌ప్రైజే మరి.

… లేదు, వింటన్నాను. … ఫోన్‌లో ఎతికారు. తన్వికి అర్థం వచ్చింది, తవిటమ్మకి ఏటీ రాలేదు. అందుకని మార్చీసారు.

తన్వంటే సన్నగా ఉండే ఆడది. డెబ్బై కేజీల నన్ను సూసే పెట్టారా?

… నవ్వకండి. నేను నవ్వడం లేదు.

… మీ అమ్మగారికి నామోషీగా ఉందా? మరి తాంబూలాల నాడు పంతులుగారు మూడుసార్లు సదివారే ఆ పేరు. అప్పుడు మీ సెవులు ఎక్కడ పెట్టుకున్నారు?

అర్థమే కదా కావాలి. నేను సెప్తాను, రాసుకోండి.

నాకు ముందు మా అమ్మకి ఇద్దరు ఆడగుంటలు పుట్టి, పురుడు తీరకుండానే పోయారు. మూడోదాన్ని నేను. నన్ను సేటలో పడుకోబెట్టి వీధిలో పెట్టారు. పక్కింటి జగ్గమ్మ సోలెడు తవుడిచ్చి కొనుక్కున్నాది. నేను ఆవిడ గుంటనని సెప్పుకుని మా అమ్మే పెంచింది. తవుడికి అమ్ముడైపోయిన పిల్లని సావు కూడా లెక్కసెయ్యదని.

అదీ అర్థం.

… మూఢనమ్మకమే. బీఎస్సీ సదివాను, మీరు సెప్పక్కర్లేదు. ఆస్పత్రికి మోసుకెళ్తే ఆ ఇద్దరూ బతికీవారేమో. కానీ ఆ రోజు మా అమ్మకి తెలిసిన మందు ఆ తవుడొక్కటే. మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ ఆ పేరు మీదే ఉన్నాది.

… ఆ, బళ్లో నవ్వీవోళ్లు. ఆరో తరగతి పిల్లలు. మీరింకా అక్కడే ఉన్నారు.

… ఒక్క కార్డు మీదే కదా అంటారా? మొదటి కార్డు జగ్గమ్మకే ఇవ్వాలి. ఆవిడకి సదువు లేదు. పలక మీద నేను దిద్దిస్తే వచ్చినవి నాలుగే అక్షరాలు. త, వి, ట, మ్మ. కార్డు పట్టుకుని అవే ఎతుక్కుంటాది.

… ఏటీ? ఆవిడొక్కదానికి వేరే కార్డు కొట్టిస్తారా?

… సెబాసు. మీ బుర్రకి అంతకంటే తోచదులెండి.

ఫోన్ ఆ ప్రెస్సాయనకి ఇవ్వండి. … ఇవ్వండంటన్నాను.

నమస్తే అండి. పెళ్లికూతురి పేరు తప్పు పడింది. తవిటమ్మ, బీఎస్సీ. … కాదండి, పొరపాటు కాదు. మా అమ్మ పెట్టిన పేరే. … ఐదింటికి మూసీస్తారా? సరే, ఫోన్ ఆయనకి ఇచ్చీయండి.

కళ్యాణ్ గారూ, నా పేరు అలాగే ఉంటాది. పక్కన మీ పేరు ఉంచాలో తీసీయాలో మీరూ అమ్మగారూ కూకుని తేల్చుకోండి. ఐదు వరకూ టైమున్నాది.

… ఎవులు?

… తన్వా?

రాంగ్ నంబరండి.