గీత గీతకూ ఎడం కనబడేదాకా

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ ఉదయం మన కర్మాగారపు పరీక్షా విభాగంలో బాధ్యతలు స్వీకరించిన ఆగండిగారు ఆనాడు పలికిన తొలిమాట కూడా "ఆగండి" అనేనని పాతవారు చెబుతారు. శుక్లం తీసిన కంట్లో అమర్చే కృత్రిమ కటకాన్ని గోరువెచ్చని ఉప్పునీటిలో నానబెట్టి, దాని గుండా సన్నగీతల పలకను చూసి, గీత గీతకూ ఎడం స్పష్టంగా కనబడితేనే సంతకం చేయడం వారి వృత్తి. ఆ సంతకం కోసం ఇరవైరెండేళ్లు గుమ్మంలో కాళ్లు పీకేలా నిలబడినవారు ప్యాకింగ్ విభాగపు పెద్దక్కగారు.

"సార్, బండి వచ్చి గంటయింది!"

"లెన్సుకి నీటిబుడగ అంటుకుందమ్మా. చేయని తప్పుకి లెన్సు మీద నింద పడుతుంది. ఆగండి."

2011లో విభాగాధిపతులైనా వారి ముక్కాలిపీటా మారలేదు, ఆ మాటా మారలేదు.

గత సంవత్సరం, ఆసుపత్రులు సరుకు కోసం ఎదురుచూస్తున్న వారంలో, వారు వరుసగా మూడు పళ్లేల కటకాలను తిరస్కరించారు. నీరు మార్చారు, దీపం మార్చారు. గీతలు అలుక్కుపోయే కనబడ్డాయి. పెద్దక్కగారి ఓపిక నశించింది.

"మీరు లేవండి సార్. ఆ అమ్మాయిని చూడనివ్వండి!"

సహాయకురాలు చూసింది. "శుభ్రంగా ఉన్నాయి సార్."

ఆగండిగారు ఎడమకంటితో చూశారు. గీతలు విడివిడిగా ఉన్నాయి. కుడికంటితో చూశారు. అలుక్కుపోయాయి.

"శుక్లం నాకొచ్చిందమ్మా," అన్నారు మెల్లగా. రిజిస్టరులో "లోపం: పరీక్షకుని కుడికన్ను" అని రాసి సంతకం చేశారు.

అంతటితో ఆగితే వారు ఆగండిగారు ఎందుకవుతారు? ఆ కంటితో తాము చూసిన రెండు నెలల సరుకులో పెట్టెకు రెండేసి విప్పించి, సహాయకురాలిచేత తిరిగి పరీక్ష చేయించారు. పదకొండు రోజులు పట్టింది. ఒక్క లోపమూ బయటపడలేదు. పెద్దక్కగారికి అసలు మంట అక్కడే!

ఈ మార్చిలో వారి కంటికి శస్త్రచికిత్స నిశ్చయమైంది. తమ కంట్లో మన కటకమే ఉండాలని పట్టుబట్టి, సెలవులో ఉండి కూడా పరీక్షా విభాగపు గుమ్మంలో నిలబడ్డారు. ముక్కాలిపీట మీద సహాయకురాలు ఉంది.

"రేపు పొద్దున్నే ఆపరేషనమ్మా. ఇంకా కాలేదా?"

ఆమె తల ఎత్తలేదు. "బుడగ ఉంది సార్. ఆగండి."

పక్కనే సంతకం కోసం నిలబడి ఉన్న పెద్దక్కగారు కొంచెం జరిగి, గోడకు ఆనుకోవడానికి వారికి చోటిచ్చారు.

నేడు పదవీ విరమణ చేస్తున్న ఆగండిగారు స్పష్టమైన చూపుతో, సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఇన్నేళ్లూ పెద్దక్కగారు చూపిన ఓర్పు ఇకపై వారి శ్రీమతిగారికి సమృద్ధిగా లభించాలనీ మన విభాగాలన్నీ మనసారా కోరుతున్నాయి.