పల్లి పొట్టు

నాచారంలో పల్లీలు వేయించే మిల్లు వెనక, పొట్టు కుప్ప దగ్గర, ఊడ్చే ఆమె ఆఫీసు గుమస్తాకు అడ్డం నిలబడింది.

"మళ్లా పొట్టుకే వచ్చినవా సారూ? నిజం జెప్పు, ఏం జేస్తున్నవ్ దీన్ని?"

"చెప్పాను కదక్కా, పూలకుండీల్లోకని."

"నెల రోజుల సంది సంచులు మోస్తున్నవ్. నువ్వుండేది మేడిపల్లిల, మూడో అంతస్తుల. గన్ని కుండీలు యాడున్నయ్?"

"నీకెందుకక్కా?"

"రేపు సేటు అడిగితే నా మీదికొస్తది. దొంగతనంగ అమ్ముతున్నవా?"

"ఛ, అమ్మడమేంటి! నవ్వనంటే చెబుతాను. ఈ ఎర్ర పొట్టులో ఒంటికి మేలు చేసేవి ఉన్నాయని చదివాను. మా అమ్మకి షుగరు. పొడి కొట్టి మజ్జిగలో కలిపిస్తున్నాను."

"తాగుతున్నదా?"

"రోజూ తాగుతుంది. వారం నుంచి కడుపులో తిప్పుతోందంటోంది గానీ, అలవాటైతే అదే పోతుంది. ఏంటక్కా, అలా చూస్తావు?"

"కుండీలకంటివి గదా సారూ!"

"అయితే?"

"ముందుగాల్ల ఇంటికి ఫోన్ జెయ్. ఇయ్యాల్టిది తాగొద్దను. కుప్పకు చీమలు పడుతున్నయని రోజూ నేనే మందు జల్లుతున్న. చెట్లకే గదా అని నీకు జెప్పలే."