గుర్తింపు గోడ

“ఒక్క ఫోటో ఇస్తే నా పని అయిపోతది భాగ్యవ్వా. స్కూటర్ గూడ బంద్ చెయ్యలే నేను.”

“బంద్ చేసి రాండ్రి సేటూ. పెట్రోలు మీదే గద.”

ఆర్మూరు పసుపు వర్తకులు కొత్తగా ఫంక్షన్ హాలు కట్టుకున్నారు. ఊరి కళాకారుల ఫోటోలు పెట్టాలని అందులో ఒక గోడ విడిచారు. ఆ గోడ బాధ్యత నెత్తినేసుకున్న కమీషన్ వ్యాపారి శ్రీపతి, బీడీలు చేసుకుంటున్న భాగ్యవ్వ వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“సోమవారమే ప్రారంభం. అన్ని ఫోటోలు ఎక్కినయ్. నీ మొగడు రాజేశ్వర్‌దే బాకి. మన ఊరి కళాకారులకు గుర్తింపు ఇయ్యాలె గద.”

“ఎవలెవలు ఎక్కిన్రు?”

“భజనల గంగాకిషన్. బ్యాండు కాశీరాం. మా కాక రామకిష్టయ్య...”

“మీ కాక ఏం వాయించిండు?”

“హార్మోని.”

“ముట్టంగ నేనెన్నడు సూడలే.”

“గుడికి కొనిచ్చిండు గద. అదీ సేవనే.”

“మరి డప్పు హన్మండ్లు?”

“డప్పు వేరు, సంగీతం వేరు.”

“మీ నాయన పోయిన్నాడు ముందల నడిసింది డప్పే గద సేటూ. హార్మోని నడువలే.”

“అది... కమిటీల మాట్లాడుత. నువ్వు ఫోటో ఇయ్యి.”

“లక్ష్మీనర్సమ్మ? బతుకమ్మకు ఆమె పాట ఎత్తుకుంటె ఊరంత...”

“ఆమె బతికే ఉంది.”

“బతికుంటే?”

“బతికున్నోళ్లను పెడితె కొట్లాటలైతయ్, నేను గొప్ప, నేను గొప్ప అని. పోయినోళ్లనే పెట్టాలని అందరం అనుకున్నం.”

“పోయినోళ్లనే.”

“ఆఁ.”

“మరి మా ఇంటికెందుకొచ్చిన్రు?”

“భాగ్యవ్వా, జర మంచినీళ్లియ్యి.”

“కుండ గాడుంది, ముంచుకోండ్రి. నా చేతులకు తంబాకు ఉంది. మా ఇంటికెందుకొచ్చిన్రు సేటూ?”

“దుబాయి పోయి ఎనిమిదేండ్లాయె. ఉత్తరం లేదు, పైస లేదు. తల్లి సచ్చిపోతె గూడ రాలే. ఊరంత ఏమనుకుంటున్నదో నీకెరుకే.”

“ఊరు అనుకుంటె మనిషి సస్తడా?”

“నీ మంచికే చెప్తున్న. రాజేశ్వర్ అసొంటి క్లారినెట్ మల్ల పుట్టలే. అప్పగింతల పాట అందుకుంటె పెండ్లిపిల్ల కన్న ముందు నేనే ఏడ్సేటోన్ని. ఆఖర్ల ఒక్క గుక్కల గుంజి గుంజి ఇడిసేటోడు చూడు...”

“ఎరుకే. గా గుంజుడికే నేను పెండ్లికి ఒప్పుకున్న.”

“మరి ఇంకేంది? గసొంటోనికి గోడ మీద జాగ లేకుంటె ఎట్ల?”

“దండ ఏస్తరా?”

“ఎయ్యాలె గద. బొట్టు గూడ పెడ్తం.”

“ఫోటోకు బొట్టు పెడ్తరు. నా బొట్టు సంగతేంది?”

“గదంత ఇప్పుడెందుకు...”

“ఇప్పుడు గాకుంటె ఎప్పుడు? సోమవారం మీరు దండేస్తె, మంగళవారం అమ్మలక్కలొచ్చి నా గాజులు పలగొడ్తరు. ఫోటో లేదు, పోండ్రి.”

“గోడకు కనవడ్తనే ఉంది గద.”

“అది ఇయ్య.”

“మొండికి వడ్తున్నవ్. నా తిప్పలు నీకేం ఎరుక? బ్యాండు గూడ దొరకలే. కాశీరాం పోయినంక మన బ్యాండుల పానం లేదు. ఆఖరికి ధర్పల్లి బ్యాండు మాట్లాడిన.”

“ఏ బ్యాండు?”

“ధర్పల్లిది. అండ్ల క్లారినెట్ ఆయన మస్తు వాయిస్తడట. నేను సూడలే, మా బామ్మర్ది చెప్పిండు. అచ్చం మన రాజేశ్వర్ లెక్కనే గుంజుతడట.”

“ఆయన వస్తున్నడా? సోమవారం?”

“ఆర్మూర్ అంటె జర ఎనకముందలాడిండట. డబుల్ ఇస్తమంటె ఒప్పుకున్నడు. ఏంది భాగ్యవ్వా, లేచినవ్?”

“ఫోటో దించుతున్న. దుమ్ము తుడిసిస్త, ఆగుండ్రి.”

“ఇప్పటి దాక ఇయ్యనంటివి.”

“ఇస్తున్న గద. అద్దం పైలం.”

“మంచి పని చేసినవ్. మనసు రాయి చేసుకున్నవ్. మరి గా బొట్టు...”

“నా బొట్టు మా అవ్వ పెట్టింది, ఆయన పెట్టలే. అది యాడికి పోదు. దండ ఎవలు ఏస్తరు?”

“మార్కెట్ చైర్మన్.”

“వద్దు. గా ధర్పల్లి క్లారినెట్ ఆయనతోని ఏపియ్యుండ్రి.”

“ఆయనెందుకు? పైసలకొచ్చి వాయించి పోయేటోడు.”

“మొన్న మా బీడీల మేస్త్రి బిడ్డ పెండ్లికి ధర్పల్లి పోయిన. బువ్వ తింటున్న. అప్పగింతల పాట ఇనవడ్డది. చెయ్యి గూడ కడుగకుంట బాజ కాడికి ఉరికిన. ఎదురుంగ నిలవడితె, ‘బరాత్ పోవాలె, జర జరుగవ్వా’ అన్నడు.”

“ఎవలు?”

“నేను గుర్తువట్టిన సేటూ, ఆయన పట్టలే. సోమవారం తన ఫోటోనన్న గుర్తువడ్తడేమో సూద్దాం.”