పాతపట్నం జీపు మోత, ఎలీషా గారి సంతకం

1982 జూన్ 14వ తేదీన, ఆమదాలవలస నుంచి అరువు సైకిలు మీద వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకుడు ఎలీషా గారు, శ్రీకాకుళంలోని మా ప్రత్యాశ వైద్యశాల వాహనశాలలో సహాయ మెకానిక్‌గా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, 2018 అక్టోబరు 31న పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దల గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకు ఉందో లేదో, ఇది చివరంటా చదివినవారే నిర్ణయించాలి.

రెండు జీపులు, ఒక ముసలి వ్యానుతో మొదలైన ఆ వాహనశాల పద్నాలుగు బండ్లకు పెరిగిన క్రమంలో, 1994లో ఆయన మెకానిక్ అయ్యారు. బండి అడుగున పుట్టే వింత శబ్దాల మూలం కనిపెట్టడంలో ఆయన అసమానులు. అందుకు ఆయనకొక నియమం ఉండేది. ఎంతటివారైనా ముందు ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించాలి. “నువ్వు సప్పుడు సెయ్యి, రోగం పేరు నాను సెప్తాను,” అనేవారు. మీసాలు నెరిసిన డ్రైవర్లు కిర్రుకిర్రుమని, గురగురమని అరుస్తుంటే వరండాలోని రోగులు నొప్పులు మరచి నవ్వేవారు. సూపరింటెండెంటు గారంతటివారు తమ కారు కోసం వాకిట్లో నిలబడి పిల్లికూనలా అరవవలసి వచ్చింది. ఎలీషా గారు కళ్లు మూసుకుని విని, “వంపు తిరిగినప్పుడా, తిన్నగా ఎల్తన్నప్పుడా?” అని ఒకే ప్రశ్న వేసి బండి కిందికి దూరేవారు. కంప్యూటరు తగిలిస్తే తప్ప జబ్బు తెలియని ఈ రోజుల్లో, ఆ అరుపులు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే బెంగ కూడా వేస్తుంది.

2011 వానాకాలంలో, పాతపట్నం పల్లెలకు వైద్యులను తీసుకెళ్లే జీపుకు, వెనుక చక్రాలను తిప్పే షాఫ్టు జాయింటు మార్చాం. ఆ షాఫ్టు రెండు ముక్కలను తిరిగి కూర్చేటప్పుడు వాటి మీది గుర్తులు కలవాలి. కలవకపోతే వేగం అందుకోగానే బండి మూలుగుతుంది. వైద్యులు ఎక్కి కూర్చుని తొందరపెడుతున్నందున, ఎలీషా గారు ఆవరణలోనే ఒక చుట్టు నడిపి చూసి, బండి వదలవచ్చని పుస్తకంలో సంతకం పెట్టారు. మర్నాటి నుంచి కుమార్తె షాలిని పెళ్లికి సెలవులో వెళ్లారు.

డ్రైవరు దాలయ్య వారంలోనే తిరిగి వచ్చి, “నలబై దాటితే సాలు బాబూ, కింద నుంచి ఊఁ ఊఁ అంటాది, సీటు వణుకుతాది,” అని మొత్తుకున్నారు. అప్పటి ఫోర్‌మన్ గారు చెవిన పెట్టలేదు. పదో రోజున పాతపట్నం అవతల షాఫ్టు విరిగి నేలకు తన్నింది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగలలేదు. దాలయ్య దురుసుగా నడపడమే కారణమని తేల్చి, ఆయనను ఉద్యోగం నుంచి తొలగించే కాగితం సిద్ధం చేశారు.

సెలవు ముగించుకుని వచ్చిన ఎలీషా గారు దాలయ్య చేత ఆ శబ్దాన్ని మూడుసార్లు చేయించుకుని, విరిగిన షాఫ్టును కడిగి చూశారు. గుర్తులు కలవలేదు. నేరుగా కార్యదర్శి గారి గదికి నడిచారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

“దాలయ్య తప్పు నేదు బాబూ. బిగించడంలోనే తేడా ఉన్నాది.”

“బిగించింది ఎవరు?”

“సూసి వదిలింది నాను. సంతకం నాది.”

“వచ్చే నెల ఫోర్‌మన్ పదవి మీకే రావాలి. ఇది రాసిస్తే రాదు. ఆలోచించుకోండి,” అన్నారు కార్యదర్శి గారు, నిజమైన బాధతోనే.

“పదవి రాకపోతే నా ఇంట్లో పొయ్యి ఆరిపోదు బాబూ. ఉజ్జోగం పోతే ఆడింట్లో ఆరిపోతాది.”

అక్కడే నిలబడి రాసిచ్చారు. దాలయ్య ఉద్యోగం నిలిచింది. ఫోర్‌మన్ పదవి, జాబితాలో తర్వాతివాడినైన నాకు వచ్చింది.

ఏడేళ్లుగా దాచుకున్న మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ షాఫ్టు బిగించింది నేను. తొందరలో గుర్తులు చూడలేదు. ఆ సంగతి ఎలీషా గారికి తెలుసు. గుమ్మంలో నన్ను చూసి కూడా నా పేరు చెప్పలేదు, నేనూ నోరు మెదపలేదు. నలుగురిలో నాకు చిన్నతనం కాకూడదని, నేను ఫోర్‌మన్ అయిన నాటి నుంచి ‘ఒరే శంకరా’ అనడం మానేసి ‘సార్’ అన్నారు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయాను. ఎలీషా గారి సతీమణి శ్రీమతి జ్ఞానసుందరి గారూ, మీ ఇంటికి రావలసిన గౌరవం ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉంది. మన్నించండి.

ఎలీషా గారూ, మీరు నమ్మిన ప్రభువు మీకు చెక్కుచెదరని ఆరోగ్యాన్ని, మనుమల పెళ్లిళ్లు దగ్గరుండి జరిపించేంత దీర్ఘాయుష్షును ప్రసాదించుగాక. రేపటి నుంచి మీకు నేను అధికారిని కాను. దయచేసి నన్ను మళ్లీ ‘ఒరే’ అనండి.

— ఉమాశంకర్, ఫోర్‌మన్