గురువారం మార్చిన ఆయిల్

చైతన్యపురి మెయిన్ రోడ్డు పక్కన ఇస్సాకు బైకు రిపేరు షాపు. రెండు వేల పదకొండు సెప్టెంబరు, సకల జనుల సమ్మె రోజులు. సైదాబాదు నుంచి వచ్చిన భానుమూర్తి కొత్త బండి స్టాండు మీద ఉంది.

"ఇయ్యాల సోమవారం సార్. గురువారం తేదీ నేనెట్ల రాస్త?"

"ఒక్క అంకే కదా ఇస్సాకూ. ఇరవై ఆరుకి బదులు ఇరవై రెండు. ఆయిల్ మార్చేది నువ్వే, సర్వీసు కార్డు మీద ముద్ర వేసేది నువ్వే. ఎవరడుగుతారు?"

"ఎవరడగకపోతే ఇరవై ఆరే ఉండనియ్యుండ్రి."

"నీతో ఇదే చిక్కు. నిన్న సాయంత్రమే వచ్చాను, షాపు మూసేశావు."

"ఆదివారం సార్. చర్చికి పోయిన. ఇంతకు గీ తొందరేంది? మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలెనో బుక్కులనే ఉన్నది. ఏడొందల యాభై కిలోమీటర్లు, లేకుంటే ముప్పై రోజులు. ఏది ముందొస్తే అది. మీ మీటర్ల నూట ఎనభై ఎనిమిదే ఉన్నది. బండి కొన్నది చవితినాడు. ముప్పై రోజులు గూడ కాలే."

"తొందరని కాదు. కొత్త ఇంజనుకి ఎంత త్వరగా మారిస్తే అంత మంచిదని ఒకాయన అన్నాడు."

"ఎవరన్నరు?"

"ఎవరో... మా ఆఫీసులో."

"ఆఫీసులన్నీ బంద్ ఉన్నయి గద సార్."

"ఫోన్లో అన్నాడయ్యా. ముందు నువ్వు నూనె తీయి."

"తీస్తున్న. బోల్టు జర గట్టిగున్నది. షోరూముల మొదటి సర్వీసు ఫ్రీ. ఆడికి పోకుండ నా తానికెందుకొచ్చిన్రు?"

"అక్కడ కంప్యూటరు. తేదీ మారదు."

"అట్ల చెప్పుండ్రి. ఆయిల్ కోసం రాలే, తేదీ కోసమొచ్చిన్రు."

"ఆ సైరన్ ఏంటి?"

"బందోబస్తు సార్. ర్యాలీ ఉన్నది. రోజూ పోతనే ఉంటయి. మీరు రోడ్డు దిక్కు చూసుడు బంద్ చేసి గీ స్టూలు మీద కూసోండ్రి."

"కూర్చోలేనయ్యా. సరే, నీ దగ్గర దాపరికం ఎందుకు? గురువారం ఎల్బీ నగర్‌లో వంటావార్పు జరుగుతుంటే కొత్త నల్ల బండి ఎవర్నో గుద్దిందట. నంబరు లేని బండి. పోలీసులు మెకానిక్ షాపులన్నీ తిరిగి సర్వీసు కార్డులు చూస్తున్నారని నిన్న టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారు."

"నా చెవుల గూడ పడ్డది."

"మాది కొత్తది. నల్లది. నంబరు ఇంకా రాలేదు. మా అబ్బాయి ప్రసన్నకి బ్యాంకు ఉద్యోగం వచ్చింది, వచ్చే వారం పోలీసు వెరిఫికేషను. ఈ సమయంలో వాడి పేరు ఠాణాలో వినపడితే ఉద్యోగం పోయినట్టే. గురువారమంతా బండి నీ షాపులోనే ఉంది, ఇంజను విప్పి ఉంది అని కార్డులో ఉంటే..."

"ప్రసన్న గుద్దిండా?"

"ఛ ఛ. వాడా? సైదాబాదు నుంచి ఇక్కడి కోచింగు ఫ్రెండ్స్ దగ్గరికి రావడం, పోవడం. అంతే. మీటరు చూశావుగా."

"మీటర్ చూసిన. ఇగో, ఇప్పుడు ఆయిల్ చూడుండ్రి."

"నల్లగా ఉంది. నూనెన్నాక నల్లబడదా?"

"నూట ఎనభై ఎనిమిదికి గింత నల్లబడదు. తేనె రంగుల ఉండాలె. ఇది కాటుక లెక్క ఉన్నది. మెరుస్తున్నది చూసిన్రా? ఇనుప రజను. కొత్త ఇంజను పళ్లు ఒకదానికొకటి రాసుకొని అట్ల దిగుతది. పదిహేనేండ్ల సంది చేస్తున్న సార్. గీ బండి వెయ్యి దాటింది."

"అయితే మీటరు అబద్ధం చెబుతోందంటావు."

"మీటర్ తీగె ఇప్పి పెడితే అదేం చెప్తది పాపం? ముందు చక్రం కాడ నట్టు మీద గాట్లున్నయి. పానాతోని ఇప్పితే అట్ల పడవు. పట్టకారుతోని ఇప్పిన్రు. పొయ్యి మీది గిన్నె దించే పట్టకారు."

"పట్టకారా?"

"ప్రసన్న అయితే నన్నడిగి పానా తీస్కపోయేటోడు. గీ షాపుల సగం సామాను వాని చేతులకెల్లే తిరిగొస్తది. వంటింట్లకు పోయి పట్టకారు తెచ్చెడిదెవరు?"

"నాకేం తెలుసు? సాయంత్రం వాణ్ణే నిలదీస్తాను."

"ఇంకోటి. వెనక బ్రేకు మస్తు వదులైంది. ముందు బ్రేకు షోరూముల ఎట్లున్నదో గట్లనే ఉన్నది. పిల్లగాండ్లు చేతితోని ముందు బ్రేకు కొడతరు. వెనక దానికి కాలి బ్రేకు ఒక్కటే తొక్కేటోళ్లు స్కూటర్ నడిపి నడిపి ముసలైనోళ్లు. మీ స్కూటర్‌కు కాలి బ్రేకు నేనెన్నిసార్లు ఏసిన సార్?"

"కొత్త నూనె పోసెయ్. నేను వెళ్తాను."

"డబ్బా ఇంక ఇప్పలే."

"అయితే వద్దు. అలాగే తీసుకుపోతాను."

"ఆయిల్ లేని ఇంజను సైదాబాద్ దాక రాదు సార్. నడిమిట్ల పట్టేస్తది. అప్పుడు బండి తోసుకుంట ర్యాలీ నడుమకెల్లి పోవాలె మీరు. కూసోండ్రి."

"నన్ను పట్టిస్తావా?"

"నాకేమొస్తది మిమ్మల్ని పట్టిస్తే? కార్డు రాసేటోణ్ణి నేను. రేపెవరన్న అడిగితే జవాబు చెప్పెడిది నేను. ఏం జరిగిందో తెల్వకుంట ఎట్ల రాస్త?"

"చెబితే రాస్తావా? ఇరవై రెండని?"

"ముందుగాల చెప్పుండ్రి."

"ప్రసన్నకి తెలియకూడదు."

"నా నోట రాదు."

"విజయవాడ వెళ్ళాను. ఈ నెల్లో రెండుసార్లు. బస్సులు లేవు కదా, బండి మీదే వెళ్ళాను. అద్దె ఇల్లు చూడ్డానికి."

"విజయవాడల ఇల్లెందుకు సార్? ఇరవై ఏండ్లాయె మీరు ఈడికొచ్చి."

"రేపు రాష్ట్రం విడిపోతే మనల్ని ఇక్కడ ఉండనిస్తారో లేదో ఎవరికి తెలుసు?"

"మనల్ని అంటే?"

"మమ్మల్ని. మా ఆవిడకి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. ప్రసన్న అసలే రానంటాడు, ఇక్కడే పుట్టానంటాడు. వాడు మొన్న మీవాళ్ళ ర్యాలీలో కూడా నడిచొచ్చాడు. అడ్వాన్సు ఇచ్చేసి చెబుదామనుకున్నాను. అందాకా వనస్థలిపురంలో స్నేహితుడింట్లో ఉంటున్నానని చెప్పి వెళ్ళాను. మీటరు చూస్తే వాడికి తెలిసిపోతుందని తీగ విప్పాను."

"గురువారం సంగతి చెప్పుండ్రి."

"తిరిగొస్తున్నాను. ఎల్బీ నగర్ చేరేసరికి సాయంత్రం ఐదున్నర. రోడ్డంతా పొయ్యిలు, గుండిగలు. బళ్ళన్నీ ఆపేశారు. నేను నోరు విప్పితే ఎక్కడివాణ్ణో తెలిసిపోతుంది, ఎక్కడ్నించి వస్తున్నావంటారు. భయమేసింది. పక్క సందులోకి తిప్పాను. కాస్త వేగంగానే తిప్పాను. ఒకాయన అన్నం గంప నెత్తిన పెట్టుకుని అడ్డొచ్చాడు."

"కాలి బ్రేకే తొక్కిన్రు."

"అలవాటు. ఆగలేదు."

"తర్వాత?"

"పడ్డాడు. తల గోడకి తగిలింది. నేను దిగాను ఇస్సాకూ. దిగకుండా పోలేదు. నేనే లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. నెత్తురు కూడా రాలేదు."

"మాట్లాడిండా?"

"మాట్లాడాడు, బాగానే. అందుకే ఏం కాలేదులే అనుకున్నాను."

"ఏమన్నడు?"

"అదంతా నీకెందుకు? కార్డు రాయి."

"ఏమన్నడు సార్? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. ఒక్క మాట గూడ తీసెయ్యకుండ్రి."

"తిట్టలేదు. నేను తిడతాడనుకున్నాను. అన్నమంతా మట్టిపాలయిందే, వంద మంది తినేది అన్నాడు. గంప వంక చూస్తూ అన్నాడు. తర్వాత, నా చెప్పు ఎటు పడ్డదో చూడు అన్నాడు."

"ఏ చెప్పు?"

"ఎడమ కాలిది. మొన్ననే కొన్న అన్నాడు."

"చూసిన్రా?"

"జనం వస్తున్న చప్పుడైంది. సందు చివర్న జెండాలు కనపడ్డాయి. చూడలేదు. బండెక్కాను."

"ఆయన్ను ఒక్కన్నే ఇడిచిపెట్టి."

"జనం వస్తున్నారన్నాను కదా. వాళ్ళు చూసుకుంటారనుకున్నాను. వెళ్తూ వెనక్కి చూశాను. చెయ్యి ఊపాడు. పొమ్మన్నాడో ఆగమన్నాడో."

"ఎట్ల ఊపిండు?"

"ఇలా."

"మల్లొక్కసారి చూపెట్టుండ్రి."

"ఇలా. చెయ్యి పూర్తిగా ఎత్తలేదు, భుజం దాకా. ఏంటయ్యా అలా చూస్తావు? చెప్పమన్నావు, చెప్పాను. కార్డు ఇటివ్వు. రాశావా?"

"రాసిన."

"ఇదేంటి? ఇరవై ఆరనే రాశావు. వెయ్యి కిలోమీటర్లు దాటిందని కూడా రాశావు. పోలీసులు దీన్ని చూస్తే నా పని అయిపోయినట్టే కదా."

"ఏ పోలీసులు సార్? ఆడున్నోళ్లందరు తోపులాటల పడ్డడని చెప్పిన్రు, గట్లనే రాసుకున్నరు. బండి కోసం ఎవలూ తిరుగుతలేరు. మక్క కంకులు అమ్మే ఎల్లమ్మకు కొత్త నల్లబండి పోవుడు ఒక్కటే కనబడ్డది. అందుకే నిన్న టీ కొట్ల కాడ, మెకానిక్ షాపుల కాడ ఆ పుకారు పుట్టిచ్చింది నేనే. భయపడ్డోడు కార్డు పట్టుకొని మా మెకానిక్‌లల్ల ఎవరో ఒకరి తానికి ఒస్తడని."

"నువ్వా? నీకేం పని దాంతో? ఆయనకి బాగానే ఉందిగా?"

"మేము పోయేసరికి మాట పడిపోయింది సార్. శుక్రవారం తెల్లారంగ పోయిండు. మా పెద్దన్న మట్టయ్య. ఆఖరుకు ఏం మాట్లాడిండని మా వదిన నాలుగు రోజుల సంది అడుగుతున్నది, ఇంట్ల ఎవల తాన జవాబు లేదు."