ఉల్టా చుట్లు

"తాతా, నీ డబ్బాల గీ ఇత్తడి పుల్ల ఏందే?"

పుల్ల గాదు బిడ్డా, గొట్టం. కన్ను పెట్టి సూడు, అవతల కనవడ్తది. గాలపు ముల్లుకు దారం కట్టే సామాను. బాలానగర్ల ఫ్యాక్టరీల పనిచేస్తుంటి గదా, నేనే చేసిన, లేతు మిషన్ మీద. ఇత్తడి అప్పుడు సస్తా, శాన తక్కువ ధర, ముక్కలు ఊకెనే పారేస్తుండ్రి.

ఎందుకు చేసిన్నంటే గీ చెయ్యి. ప్రెస్సు మిషన్ల పడి వేళ్లు పోయినయ్. రెండు. ఐతారం ఐతారం చెరువుకు పోయేటోన్ని, గిప్పుడు నీ ఆఫీసు బస్సు ఆగుతది సూడు, గాడ్నే. వేళ్లు పోయినంక నా ముడి నిలుస్తలేదు. ఇంత పెద్ద కొర్రమట్ట చాప ముల్లుతో సహా పోయింది. ఇంటికొచ్చి మీ నాయనమ్మతోని దారం ఖరాబున్నదన్న. మల్ల ఐతారం సూస్తే డబ్బాల ముళ్లన్ని ఆమె కట్టి పెట్టింది. "నేనింక దేనికీ పనికిరానా?" అని ఆమె మీద ఒర్రిన. అన్ని కోసి పారేసిన. గంత పొగరు నాకు.

గప్పుడు చేసిన గిది. ముల్లు కాడ పక్కపొంటి గొట్టం పెట్టాలె. రెండిటి మీద దారం ఆరు చుట్లు సుట్టి, కొసను గొట్టంలకెళ్లి దూర్చి, గొట్టం మెల్లగ గుంజెయ్యాలె. ఇగ బిగియ్యుడే. మూడు వేళ్లు సాలు. మీ నాయనమ్మకు సూపిచ్చిన. "మంచిగుంది" అన్నది, గంతే. ఆ దినం సంది ఒక్క చాప గూడ ముల్లు తెంపుకపోలే. నా అంత పనిమంతుడు లేడనుకున్న.

ఒకపారి గట్టు మీద కూసోని ఎర గుచ్చుతున్న. సూస్తే చుట్లు ఉల్టా ఉన్నయ్. నేను కుడిచేత్తోని సుడితె ఇట్ల పోతయ్, గవి అట్ల పోయినయ్. మా ఇంట్ల ఎడమచేతి మనిషి ఒక్కతే, మీ నాయనమ్మ. నేను శుక్రారం కట్టి పెడ్తుంటి. శనివారం నేను డ్యూటీకి పోయినంక ఆమె అన్ని ఇప్పి, గిదే గొట్టంతోని మల్ల గట్టిగ కడ్తుండెనని గప్పుడు తెల్సింది.

అడిగినవా అంటవా? అడగలే. అడిగితె ఇగ కట్టకపోతుండె. ఆమె గూడ పాణం పోయేదాంక చెప్పలే.

నేనేం జేసిన్నంటే... ఆమెకు ఇప్పనీకి తిప్పలైతదని, అప్పటి సంది జర వదులుగనే కడ్తుంటి.

పో బిడ్డా, కాళ్లు కడుక్కోని అన్నం తిను. సల్లగుండు.