గులాబీలకు నీళ్లు పోసే అమ్మలు

బాన్సువాడలో ఒక కాలేజీ. 'మా అమ్మ' మీద పిల్లలు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు దిద్ది అలసిపోయిన మేడం, వాటిలో ఒకటి రాసిన పిల్లను స్టాఫ్‌రూముకు పిలిచింది.

"మీ అమ్మ పొద్దుగాల్ల లేచి గులాబీలకు నీళ్లు పోస్తదా?"

"లేదు మేడం. బీడీలు చేస్తది."

"మరి గిట్లెందుకు రాసినవ్?"

"గైడుల గట్లనే ఉంది."

"క్లాసుల అందరి అమ్మలు గులాబీలకే నీళ్లు పోస్తున్రు. సదివి సదివి యాష్టకొచ్చింది."

"బీడీలు చేసే అమ్మ గురించి ఇంగ్లీషుల యాడ దొరకలే మేడం. దొరికితె గదే చూసి రాద్దును."

మేడం పక్కనున్న కుర్చీ పిల్ల వైపు జరిపింది.

"'పొద్దుగాల్ల లేచి' అన్నదాంక గైడుదే ఉంచు. ఆడికెల్లి మీ అమ్మ ఏం జేస్తదో రాయి."

"సగం కాపీయే గద మేడం?"

"నేను గూడ ఇంగ్లీషు గట్లనే నేర్చుకున్న బిడ్డా. కూసో."

పిల్ల కూర్చుని పెన్ను తీసింది.

"బీడీలను ఇంగ్లీషుల ఏమంటరు మేడం?"

"బీడీలే అంటరు."